వాటా అడిగే పద్ధతి

కెనడాలోని సస్కాచెవాన్‌లో రష్యా నుంచి వలసొచ్చిన కొసాక్కులు నూరేళ్ళ కిందట కట్టుకున్న పల్లె అది. పంచాయితీ హాలు బయట కారులో కూర్చొని అతడు టోపీని నలుపుతున్నాడు.

"ఏమన్నారండీ?" అంది పక్క సీట్లో భార్య.

"ఇంకా ఏం తేల్చలేదు, బయట వెయిట్ చెయ్యమన్నారు. పదేళ్ళు వీళ్ళ పిండిమిల్లు నడిపాను. వీళ్ళ పిల్లలేమో ట్రాక్టరెక్కకుండా సిటీలకి చెక్కేశారు. ఉమ్మడి భూమిలో ఒక్క వాటా అడిగితే ఇంత ఆలోచనా?"

"ఎలా అడిగారు?"

"టోపీ తీసి, చేతులు కట్టుకుని. పెద్దవాళ్ళు కదా."

"అయ్యో రామా. దొరల ముందు తల వంచలేకే మా తాతలు పారిపోయొచ్చారని మన పక్కింటి కొసాక్కు ముసలామె రోజూ చెబుతుంది. ఇక్కడ టోపీ తీసి అడిగేవాడు కూలోడట. వాటాదారు టోపీతోనే అడగాలట."

"ముందే చెప్పొద్దూ?"

"మీరు వింటేగా. మళ్ళీ వెళ్ళండి, టోపీ పెట్టుకుని."

"పెట్టుకుంటానే. వాళ్ళ కళ్ళల్లోకి చూసి అడగడం నాకు రాదు. కామందు ముందు మా నాన్నకీ రాలేదు."

ఆమె టోపీ కోసం చెయ్యి చాపింది.

"మిల్లులో ధాన్యం తూచింది నేను కదా. ఇలా ఇవ్వండి."

టోపీ తన తల మీద పెట్టుకుని, తలుపు తట్టకుండానే లోపలికి వెళ్ళింది.