కిటికీకి కట్టిన జెండా

లిస్బన్‌లో జూన్ పండుగలు. దుల్సే వీధిలో కుర్చీ వేసుకుని పావడా అంచు కుడుతోంది. మొగుడు గుమ్మంలోకి వచ్చాడు.

"లోపల కుట్టుకోరాదూ? అందరూ చూస్తున్నారు."

"ఉన్న ఒక్క కిటికీకీ అడ్డంగా దేశం జెండా కట్టావు. ఆ చీకట్లో సూది కనపడుతుందా?"

"అది కట్టాకే మనవాళ్ళు ఫుట్‌బాల్‌లో రెండు ఆటలు గెలిచారు. రేపు మళ్ళీ ఆట. ఇప్పుడు విప్పితే ఓడిపోతాం."

"ఈ రాత్రి పేటల ఊరేగింపు పోటీ. అందులో వేసుకునే ఈ పావడా అంచు పూర్తికాకపోతే మన పేట ఓడిపోతుంది."

"ఏటా ఓడిపోయేదేగా! కొత్తేముంది?"

దుల్సే పళ్ళతో దారం తెంపింది.

"నిజమేనయ్యా. ఇన్నేళ్ళూ ఇంత అదృష్టం గల జెండా మన దగ్గర లేదు మరి. వెళ్ళి విప్పుకురా. రాత్రికి ఊరేగింపులో మేం మోసే తోరణానికి కడతాను."