న్యాయశాఖ మంత్రిని తీసేశారు

(ఆదివారం మధ్యాహ్నం. లిటిల్ రాక్ నుంచి బెంటన్‌విల్ వెళ్ళే దారిలో కారు. నడుపుతున్నది తండ్రి రాధాకృష్ణ. పక్క సీట్లో కూతురు సాన్వి, పదకొండో తరగతి.)

“స్కూల్ బస్సులో అందరితో కలిసి వచ్చేదానివి కదమ్మా. ఏమైందో చెప్పవు, వచ్చి తీసుకెళ్ళమంటావు. మూడు గంటలు డ్రైవ్ చేసి వచ్చాను.”

“ఆ బస్‌లో ఇషా ఉంది.”

“ఉంటే? ఎలిమెంటరీ నుంచీ ఇషా పక్కన తప్ప కూర్చోవు కదా నువ్వు.”

“ఇంక కూర్చోను. ఏసీ తగ్గించు నాన్నా.”

“తగ్గించాను. ఏమన్నా తిన్నావా? అమ్మ పులిహోర పెట్టింది, వెనక సీట్లో ఉంది.”

“వద్దు. నన్ను క్యాబినెట్‌లోంచి తీసేశారు.”

“తీసేశారా? అలా కూడా తీసేస్తారా?”

“ఓటింగ్ పెట్టి తీసేశారు. అందరి ముందూ నిలబెట్టి.”

“పోనీలే. ఉత్తుత్తి దేశం, ఉత్తుత్తి మంత్రులు. మోడల్ యూఎన్ పోటీలంటే అంతేగా.”

“ఉత్తుత్తిదే. ఇరవై రెండేళ్ళు ఒక జనరల్ ఏలిన దేశం. వాడు దిగిపోయాడు. ఎలక్షన్స్ అయ్యేదాకా మేం ఇరవై ఒక్క మందిమి క్యాబినెట్. నేను జస్టిస్ మినిస్టర్, ఆరుష్ డిఫెన్స్ మినిస్టర్. ఇదంతా నిన్న సాయంత్రం ఫోన్‌లో చెప్పాను. నువ్వు విన్లేదా?”

“విన్నాను. విన్నానమ్మా.”

“జనరల్‌ని కోర్ట్‌కి తేవాలి. నేను రెండు నెలలు ప్రిపేర్ అయ్యింది దానికే. నేను, ఇషా, ఇంకో తొమ్మిది మంది. పదకొండు ఓట్లు. మెజారిటీ. పొద్దున్న తొమ్మిదింటికి నేను లేచి మోషన్ పెట్టాలి, జనరల్‌ని అరెస్ట్ చేయాలి. అంతే, అయిపోయింది.”

“మరి పెట్టలేదా?”

“నాకంటే ముందు ఆరుష్ లేచాడు. ‘జస్టిస్ మినిస్టర్ గవర్నమెంట్‌ని పడగొట్టడానికి కుట్ర చేస్తోంది, ఆమె మనుషులు వీళ్ళు’ అని లిస్ట్ చదివాడు. తొమ్మిది పేర్లు నాన్నా. నేను రాసుకున్న ఆర్డర్‌లోనే. నాతో ఓటేసిన వాళ్ళని ఆర్మీ అరెస్ట్ చేస్తుందన్నాడు. జనరల్‌ని ఆల్రెడీ ప్లేన్ ఎక్కించి దేశం దాటించేశాడు.”

“తెలివైనవాడే.”

“తెలివి కాదు. నా తొమ్మిది మందిలో ఏడుగురు నాకు వ్యతిరేకంగా చెయ్యెత్తారు. నిన్న నాతో పిజ్జా తిన్నవాళ్ళు. నా మొహం చూడకుండా చెయ్యెత్తారు.”

“భయపడి ఉంటారు.”

“దేనికి? అక్కడ నిజం ఆర్మీ ఏం లేదు. హోటల్ బాల్‌రూమ్ అది.”

“అయినా భయం వేస్తుందమ్మా. నీకు తెలీదు.”

“ఆరుష్‌కి బెస్ట్ డెలిగేట్ ప్రైజ్ ఇచ్చారు. స్టేజ్ మీదకి పిలిచారు. నా పక్కనుంచే వెళ్ళాడు, నా వైపు చూడలేదు.”

“ఆరుష్‌ని ఏమీ అనలేదు కదా నువ్వు?”

“ఏమంటే ఏం? వాళ్ళ నాన్న శ్రీహర్ష అంకుల్ నీ బాస్ అనా?”

“అది కాదు.”

“అదే. మార్చ్‌లో నీ కాంట్రాక్ట్ అయిపోతుంది, అంకుల్ పర్మనెంట్ చేస్తేనే గ్రీన్‌కార్డ్ అప్లికేషన్ నిలబడుతుంది. నువ్వూ అమ్మా కిచెన్‌లో మాట్లాడుకునేది నాకు వినపడుతుంది నాన్నా.”

“వినపడితే మంచిదే. పదిహేడేళ్ళయింది మేం వచ్చి. నువ్వు ఇక్కడ పుట్టావు, నిన్ను ఎవరూ పొమ్మనలేరు. మా సంగతి అలా కాదు.”

“నాకు తెలుసు. అందుకే ఆరుష్‌ని ఏమీ అనలేదు. వాడు ఆడాడు, గెలిచాడు. నాకు కోపం ఇషా మీద.”

“ఇషా ఏం చేసింది పాపం? నీకే ఓటేసిందా, లేదా?”

“నాకే వేసింది. యాక్టింగ్. నేను రాసుకున్న ఆ లిస్ట్ మొత్తం చూసింది ఇషా ఒక్కతే. ఆరుష్‌కి ఇంకెలా వెళ్తుంది?”

“ఇషా ఏమంటోంది?”

“ఏడుస్తోంది. నేను కాదు, ప్రామిస్, అంటోంది. లాబీలో అందరి ముందూ నా చెయ్యి పట్టుకుంది. లాగేసుకున్నాను.”

“నిజంగానే ఆ పిల్ల కాదేమో.”

“మరి ఎవరు? తెలిసింది ఇద్దరికే.”

“నాకు కూడా చెప్పావుగా. లిస్ట్ ఫొటో కూడా పంపావు.”

“నువ్వు లెక్కలోకి రావు నాన్నా. నువ్వు నాన్నవి. ఎందుకు స్లో చేశావు?”

“ముందు ట్రక్ ఉంది. ఏం టైప్ చేస్తున్నావు?”

“మా మోడల్ యూఎన్ క్లబ్ గ్రూప్‌లో పెడుతున్నాను. నలభై మంది ఉంటారు. ‘ఇషా మా ప్లాన్ ఆరుష్‌కి అమ్మేసింది. వచ్చే వారం క్లబ్ ప్రెసిడెంట్‌కి ఇషా నిలబడుతోంది, ఓటేసే ముందు ఆలోచించండి.’ బాగుందా?”

“పెట్టకు.”

“ఎందుకు?”

“ఇంటికెళ్ళాక చూద్దాం. కాస్త పడుకుని లే. కోపంలో ఇలాంటివి చేయకూడదు.”

“కోపంలో కాదు. అందరికీ తెలియాలి. నువ్వేగా చెప్తావు, మోసం చేసినవాళ్ళని వదలకూడదని. మొన్న పక్కింటివాళ్ళ విషయంలో ఎంత లెక్చర్ ఇచ్చావు.”

“ఆ పిల్లకి వేరే ఫ్రెండ్స్ కూడా లేరు సాన్వీ.”

“తను ముందు ఆలోచించుకోవాల్సింది. సెండ్ చేస్తున్నాను.”

“వద్దు. ఇషా కాదు.”

“నీకెలా తెలుసు?”

“కాదని చెప్తున్నాను కదా. ఆ ఫోన్ పక్కన పెట్టు.”

“నాన్నా, నీకెలా తెలుసు?”

“పెట్టావా పక్కన?”

“పెట్టాను. చెప్పు.”

“నిన్న నువ్వు మాట్లాడి పెట్టేశాక శ్రీహర్ష గారు ఫోన్ చేశారు. సోమవారం సాఫ్ట్‌వేర్ రిలీజ్ ఉంది కదా ఆఫీస్‌లో, దాని గురించి. మాటల్లో మీ సంగతి వచ్చింది. ఆరుష్ కూడా అక్కడే ఉన్నాడు కదా అని.”

“చెప్పేశావా? నా ప్లాన్ మొత్తం?”

“అవునమ్మా.”

“నేను నీకు ప్రాక్టీస్‌కి చెప్పాను. నువ్వు బాగుంది అన్నావు. నీ స్పీచ్ వింటుంటే ఒళ్ళు పులకరించింది అన్నావు.”

“నిజంగానే అన్నాను.”

“ఇషా పట్టుకుంటే చెయ్యి లాగేసుకున్నాను నేను. దొంగ అన్నాను. అందరి ముందూ. రాత్రి అదే పిల్ల నాకు జుట్టు అల్లింది నాన్నా.”

“నేను మాట్లాడతాను ఇషా వాళ్ళ అమ్మతో.”

“నువ్వు ఎవరితోనూ మాట్లాడకు.”

“సరే.”

“ఆగు. ఆగు, నన్ను ఆలోచించనీ. ఓకే. అంకుల్ నీ బాస్. మార్చ్ వస్తోంది. ఆయన అడిగితే నువ్వేం చేస్తావు, కాదనలేవు. నా ఏడుగురూ అంతే కదా, అరెస్ట్ చేస్తానంటే చెయ్యెత్తారు. వాళ్ళ మీద నాకు కోపం పోతుంది, రేపో ఎల్లుండో. నీ మీద కూడా పోతుంది. ఇషాకి ఇప్పుడే కాల్ చేసి సారీ చెప్తాను.”

“చెప్పమ్మా. అదే మంచిది.”

“అంకుల్‌కి నేను ఫోన్ చేయను, భయపడకు. నీ జాబ్‌కి ఏం కాదు. ఒక్కటి చెప్పు చాలు. అంకుల్ అడిగారు కదా?”

“ముందు ఇషాకి కాల్ చెయ్యమ్మా.”

“నాన్నా, అడిగారు కదా?”

“లేదమ్మా. నేను మొదలుపెట్టగానే ఆపేశారు. పిల్లల ఆటలోకి మనం వెళ్ళొద్దు రాధాకృష్ణ గారూ, అని ఫోన్ పెట్టేశారు. ఆ తర్వాత నేనే ఆరుష్ నంబర్ వెతుక్కుని, నీ లిస్ట్ పంపించాను.”