ఫొటో తీసిన చోటు

పర్చూరులో రెండో భార్యగా కాపురానికొచ్చిన లక్ష్మీదుర్గ శిల్పకి గోడ చూపించింది. చనిపోయిన మొదటి భార్య ఫొటో తీసేసిన చోట, తెల్ల రంగు మీద సరిగ్గా ఫొటో అంత పసుపుపచ్చ మచ్చ. అవిసె నూనెతో ఆ రంగు తయారుచేసి అమ్మింది శిల్పే.

"ఇదేం రంగు శిల్పా? ఫొటో తీసి నెలైనా ఆవిడ గోడ దిగట్లేదు."

"దయ్యం కాదక్కా, కెమిస్ట్రీ. నూనె రంగు చీకట్లో పచ్చబడుద్ది, వెలుగు తగిలితే మళ్ళీ తెల్లబడుద్ది. కిటికీ తీసి పెట్టు."

"రోజూ తీస్తూనే ఉన్నా. ఆయనొచ్చి మూసేస్తారు. కల్లాల నుంచి మిర్చి ఘాటొస్తోందంట."

"శ్రావణంలో కల్లాల్లో మిరపకాయలెక్కడివి?"

అనేశాక శిల్ప నాలుక కరుచుకుంది.

"వెలుగు తగిలితే మచ్చ పోద్దని ఆయనకి తెలుసా?"

"రంగు కొన్నప్పుడే చెప్పానక్కా."



"ఆయనొచ్చే వేళైంది," అంటూ లక్ష్మీదుర్గ లేచి, కిటికీ తనే మూసింది.