పసిరిక పిట్టల పట్టాభి

ఏంది జననీ, మెడలో ఏసుకోనుండేది? కెమెరానా? నేనేదో ఫిరంగి గొట్టం అనుకున్న్యా. కూచో, కూచో. పిట్టగూడు ఫోటో తీయను వచ్చినావా, మా నందివర్ధనం చెట్టులోది? సరి, తీసుకో. కానీ ఒక్క ఆకు తుంచినావంటే ఊరుకోను, చెప్తా ఉండా. మొన్న లాస్‌పేట నుంచి నలుగురు కెమెరాలోళ్ళు దిగినారు. తల్లి పిట్ట సరిగ్గా కనపడలేదని కొమ్మ వంచి తాడేసి కడతారంట! ఇంకొకడు ఫోన్లో పిట్ట అరుపు పెడతాడు, అది వస్తాదని. ‘మీయమ్మ మీకు పాలిచ్చేటప్పుడు ఎవడన్నా గోడ పగలగొట్టి మొహాన లైటేసినాడంట్రా?’ అన్యా. నవ్వతారు, సిగ్గుమాలినోళ్ళు. తాడు పట్టుకోనే పోయినారు.

ఆ పట్టాభిగాడు ఒకడుండె... వాడూ ఏం తక్కువోడు కాదు, వీళ్ళకంటే పనికిమాలినోడు. ఎవడా? పట్టాభిరామన్. బజారు వీధిలో స్టూడియో పెట్టుండె. బడిలో నా పక్కన కూచున్నోడే. చేసేది పెండ్లి ఫోటోలు, పిచ్చి మాత్రం పిట్టల మీద. అదీ ఎట్టాంటి పిట్ట? నెమలా, చిలకా? కాదు. పసిరిక పిట్ట, పచ్చంగా ఇంతే ఉంటాది, తోకలో సూది మాదిరి ఒక ఈక. మురుంగపాక్కం దగ్గర ఏటి గట్టు మన్నులో బొక్క చేసి పిల్లల్ని పెడతాది. ఈ మొనగాడు గోనెసంచులతో చిన్న గుడారం కుట్టుకోని దాంట్లో దూరేది. మొదటి రోజు యాడో దూరంగా. మర్నాడు ఒక్క అడుగు ముందుకి. ఆ మర్నాడు ఇంకొక అడుగు. పిట్ట బెదిరిపోకూడదంట! ‘అది నన్ను మరిచిపోవాల సీతాపతీ’ అనేవాడు. పిట్ట మరిచిందో లేదో, ఊరు మరిచిపోయింది వాణ్ణి. పెండ్లి చేసుకోరా అంటే ఆ బుర్రకి ఎక్కేదే లేదు.

నా పెండ్లికి వాడే ఫోటో అని నేనే పట్టుబట్టినా. బుద్ధి లేక. వైశాఖ మాసం, తెల్లారి ఆరుంబావుకి ముహూర్తం. వాడు రాలే. మా మామ వాకిటికీ మంటపానికీ తిరగతా ఉండాడు, ‘యాడ మాప్పిళ్ళై, యాడ అల్లుడూ మీ స్నేహితుడు?’ అని. అయ్యవారు ‘ముహూర్తం కెమెరా కోసం ఆగతాదా నాయినా, కట్టు’ అన్యాడు. కోమల తల వంచుకోనుంది, నేను తలుపు దిక్కు చూస్తా తాళి కట్టినా. ఎవడన్నా అట్ట కడతాడా? జనం బంతికి కూచున్న్యాక వచ్చినాడు దొర. మోకాళ్ళ దాకా బురద, నెత్తి నిండా గోనెపీచు, మొహం మాత్రం వెలిగిపోతా ఉండాది. ‘సీతాపతీ, పిల్లలు బొక్కలోంచి తలలు బయటపెట్టినాయి రా! తల్లి తూనీగను తెచ్చి నోట్లో పెడతా ఉండాది. ఈ పొద్దు తప్పితే లేదు, రేపటికి ఎగిరిపోతాయి’ అంటాడు. మా మామ ఇస్తరి ముందు నుంచి లేచి వచ్చి, ‘మా అమ్మి కూడా ఈ పొద్దేరా మా ఇంట్లోంచి ఎగిరిపోయేది!’ అని అరిచినాడు, పందిరంతా వినపడేట్టు. వాడు తల వంచుకోని, ఫిల్ము చుట్టలో మిగిలిన ఆరు ఫోటోలూ తీసినాడు. ముప్పై పిట్టలకి, ఆరు మా పెండ్లికి!

ఆ ఆరింట్లో సాంబారు బక్కెట్టు ఒకటి, మా మామ వీపు ఒకటి. కోమల ఉండేది ఒకే ఒక దాంట్లో. పొద్దుటి నుంచి ఏడస్తానే ఉండిందా, అన్నం ముట్టలేదని వాళ్ళమ్మ ముద్ద కలిపి నోట్లో పెడతా ఉండాది. ఈయమ్మ కండ్లల్లో నీళ్ళు, నోరేమో ఇంత తెరిచి! పెండ్లికూతురి ఫోటోనా అది? చూసి విసిరేసినా. ఆ తర్వాత వాడితో మాటల్లేవు. ఊళ్ళో ఒక్కరు పెండ్లి పని ఇస్తే ఒట్టు. పాస్‌పోర్టు ఫోటోలు తీసుకుంటా కూచున్న్యాడు. కూచోనీ అనుకున్న్యా.

మూడో ఏడు కామెర్లు వచ్చినాయి కోమలకి. పదకొండు రోజులే, పోయింది. కర్మకి పటం కావాలన్యారు. ఇల్లంతా ఎతికినా, ఫోటో యాడుంది? ఆ ఒక్కటే. పోయినా స్టూడియోకి. వాడు పెట్టెలోంచి ఫిల్ము తీసి పెద్దది చేసిచ్చినాడు. ‘వాళ్ళమ్మ చెయ్యి తీసేయ్. నోరు మూయించు. నోరు తెరిచుండేదానికి దండ ఎట్ట ఏస్తార్రా?’ అన్యా. సన్న బ్రష్షు పట్టుకోని మూడు రోజులు కూచున్న్యాడు. మూడో రోజు పోతే, ‘పెదాలు కలిపితే కోమల కాకుండా పోతా ఉండాది రా, ఇంకెవరో వస్తా ఉండారు. నా వల్ల కాలే’ అన్యాడు. చేతకానోడు!

అప్పుడడిగినా. ‘మూడేండ్లకే పోతాదని తెలిసుంటే వచ్చుందువా రా, ముహూర్తానికి?’ అని. ఊఁ అనుంటే సరిపోయుండు. చుమ్మా, ఊరికే, నా కోసం, ఒక్క ఊఁ. వాడు బ్రష్షు తుడస్తా తుడస్తా, ‘తెలీదు సీతాపతీ. ఆ పొద్దు అవి ఎగరతా ఉండె’ అన్యాడు. చూసినావా? పెండ్లాం పోయినోడి ముందర అబద్ధమాడను కూడా రాలే ఆ ఎదవకి. పటం చంకలో పెట్టుకోని వచ్చేసినా. అట్నే తగిలించినా, నోరు తెరుచుకోనే. చుట్టాలు నవ్వినారు. నవ్వనీ.

వాడు చచ్చిపోయినప్పుడా? పోయినా. వీధి మొగదాకా పోయి నిలబడినా. లోపలికి పోలే...

...ఆఁ? ఏంది అడిగితివి? ఆ పటమా? అది లోపలుంది. నీకెందుకు అదంతా. మీ ఇందిరా నగర్లో కొళాయి వస్తా ఉండాదా? మాకు రెండు రోజులుగా చుక్క లేదు.