‘వినపడదు’ అన్న మాటకు పూచీ

1989వ సంవత్సరం మార్చి నెల ఆరవ తేదీన, రేవులో మంచు ఇంకా పూర్తిగా విరగని ఒక సోమవారం ఉదయం, శ్రీమతి హిల్వా తోర్నెల్ గారు మన ఓస్కెల్ నౌకా నిర్మాణ కేంద్రంలో ధ్వని పరీక్షా విభాగపు సహాయ ఇంజనీరుగా బాధ్యతలు స్వీకరించారు. నాటికి ఆ విభాగపు ఆస్తిపాస్తులు ఒక బల్ల, రెండు కుర్చీలు, నీటిలోకి దింపి వినే ఒక పాత మైకు. విభాగాధిపతి సెలవులో ఉన్నారు. పరీక్షించవలసిన జలాంతర్గామి కాగితాల మీద తప్ప మరెక్కడా లేదు. వేల్నియా వంటి చిన్న దేశం బాలిస్టిక్ క్షిపణులను మోసే జలాంతర్గామిని తన చేతులతో తాను కట్టుకోగలదని ఆ రోజుల్లో విదేశీ నిపుణులెవరూ నమ్మలేదు. నిజం చెప్పాలంటే మనలోనూ నమ్మినవారు తక్కువ.

ఈ అభినందన వ్యాసం రాసే గౌరవాన్ని పంపుల విభాగానికి చెందిన నాకు అప్పగించడంలో మన కేంద్రపు పత్రిక సంపాదకవర్గం వారి కొంటెతనం కొంత ఉన్నదని నా అనుమానం. గడచిన మూడు దశాబ్దాలలో నా పంపుల గురించి హిల్వా గారు అన్న మాటలను యథాతథంగా ఇక్కడ పొందుపరిస్తే ఈ సంచిక కుటుంబాలు చదవదగినదిగా ఉండదు. అయినను, ఒక మనిషి విలువను చెప్పగలిగినవాడు ఆ మనిషి చేత మాటలు పడినవాడేనన్న ధైర్యంతో కలం పట్టాను.

క్షిపణి జలాంతర్గామి గురించి మన కుటుంబసభ్యుల కోసం ఒక్క ముక్క. దానికి దట్టమైన కవచం లేదు, పారిపోవడానికి చెప్పుకోదగ్గ వేగమూ లేదు. దానికి ఉన్న రక్షణ అల్లా నిశ్శబ్దమే. దాని చప్పుడు విన్న శత్రువు దాని జాడ పట్టుకుంటాడు, జాడ దొరికిన జలాంతర్గామిలోని వారు తిరిగి ఇంటికి రారు. అందువల్లనే మన రేవులో ఒక ఆచారం ఏర్పడింది. అఖాతంలో ఆఖరి పరీక్ష ముగిశాక, ధ్వని పరీక్షా విభాగాధిపతి నౌకా సిబ్బంది ఎదుట నిలబడి, స్వయంగా నోటితో ‘వినపడదు’ అని చెప్పాలి. ఆ మాట వెలువడేదాకా నౌకకు పేరు పెట్టరు, అంతకు ముందు ఎన్ని సంతకాలు జరిగినా సరే. 2001లో మన తొలి నౌక ‘కెర్వా’ విషయంలో ఆ మాట చెప్పినది, అప్పటికి విభాగాధిపతిగా పదోన్నతి పొందిన హిల్వా గారే. ఆ నౌక పేరు మీదనే మన రేవు కట్టిన నాలుగు నౌకలనూ కెర్వా తరగతి అంటున్నాము. ఆ సందర్భంగా రాజ్యం వారికి ప్రదానం చేసిన పతకాన్ని, నడిచినప్పుడల్లా గొలుసు గలగలమంటున్నదన్న కారణంతో, వారు ఒక్కసారే ధరించారు.

2006 శరత్కాలంలో రెండవ నౌక సిద్ధమైంది. నామకరణ మహోత్సవానికి నౌకాదళ మంత్రివర్యులు రాజధాని నుంచి విచ్చేశారు. రేవుకట్ట మీద బ్యాండు మేళం బారులు తీరింది. పొగబెట్టిన చేపలు, బార్లీ రొట్టెలు బల్లల మీద పరచి ఉన్నాయి. పరీక్షా పడవ దిగి వచ్చిన హిల్వా గారు సిబ్బంది ఎదుట నిలబడి, అందరూ ఎదురుచూస్తున్న మాట బదులు మరొక మాట చెప్పారు.

“వినపడుతోంది.”

మంత్రిగారు చిరునవ్వు చెదరకుండానే ముందుకు వంగారు. “అమ్మా, గాలికి సరిగ్గా తెలియలేదు. వినపడదనేగా మీరన్నది?”

“కాదండీ. వినపడుతోందన్నాను.”

“ఎంత?”

“కొంచెం.”

“కొంచెమేగా తల్లీ! కొంచెమైతే ఫర్వాలేదులే.”

“లోపల కూర్చునేవాళ్ళు ఇక్కడే ఉన్నారండీ. వాళ్ళనడగండి, ఫర్వాలేదంటారేమో.”

లోపల కూర్చునేవారి తరఫున కెప్టెన్ రోవన్ ఇస్తెక్ గారు తన బూట్ల వైపు చూస్తూ ఉండిపోయారు. మంత్రివర్యులు భోజనం చేయకుండానే బయలుదేరారు. బ్యాండు మేళం వాయించకుండానే ఇళ్ళకు పోయింది. చేపలు మాత్రం వృథా కాలేదని కాపలా సిబ్బంది తరువాత నాకు చెప్పారు.

తదుపరి కాలం నా విభాగానికి గ్రహపాటు. జలాంతర్గామిలో చప్పుడంటే ఎవరైనా మొదట వేలెత్తి చూపేది పంపునే. నౌక నెమ్మదిగా, మలుపు తిరుగుతూ పోయినప్పుడు మాత్రమే ‘టక్’ మని ఒక చిన్న శబ్దం. నిటారుగా పోతే లేదు. మా పంపులను విప్పారు, మార్చారు, మళ్ళీ విప్పారు. ఉద్యోగం ఊడినట్టేనని నేను ఇంట్లో చెప్పేశాను కూడా. ఆ దశలో డైరెక్టరు గారి గదిలో జరిగిన సమావేశంలో, నన్ను వెనకేసుకురావలసిన అవసరం ఏ కోశానా లేని హిల్వా గారు లేచి నిలబడ్డారు.

“ఇతని పంపులు దరిద్రంగానే ఉంటాయి, కాదనను. కానీ ఇది పంపు కాదు.”

“మరేంటి?” అన్నారు డైరెక్టరు గారు.

“తిరిగేదైతే తాళం తప్పకుండా మోగుతుంది. ఇది తాళం తప్పుతోంది. ఎక్కడో ఏదో దొర్లుతోంది.”

“దొర్లేది మా డ్రాయింగుల్లో ఏదీ లేదు హిల్వా గారూ. వసంతం వచ్చేలోగా మీరా మాట చెప్పకపోతే, చెప్పేవాళ్ళని రాజధాని నుంచి పంపిస్తారట. నా చేతుల్లో లేదు.”

“పంపించమనండి. వాళ్ళకీ చెవులుంటాయిగా.”

ఆమె ధీమాగా అన్నారే గాని, రాజధాని నుంచి వచ్చేవారికి చెవుల కన్నా భయం ఎక్కువ ఉంటుందని ఆ గదిలో అందరికీ తెలుసు. నౌక ఆ చప్పుడుతోనే సముద్రంలోకి పోతుందన్నది ఖాయమైపోయింది. ఆ తరువాత రెండు రోజులు హిల్వా గారు ఆ చప్పుడు రికార్డునే మళ్ళీ మళ్ళీ పెట్టుకుని విన్నారు. మూడవ రోజు మధ్యాహ్నం, తన విభాగపు భోజనశాలకు కాకుండా, గొట్టాలు బిగించే కార్మికుల భోజనశాలకు వెళ్ళి, సూపు గిన్నె పట్టుకుని వారి మధ్య బెంచీ మీద కూర్చున్నారు. పంపుల గొడవ మీద నేనూ అక్కడే ఉన్నాను.

“అబ్బాయిలూ, మీలో ఎంతమంది ఒడ్డురాయి పెట్టారు?” అని అడిగారు, ఉప్పు ఇటు ఇవ్వమన్నంత మామూలుగా.

అందరూ గిన్నెల్లోకి చూడసాగారు.

మన తీరంలో చేపల పడవ కట్టిన ప్రతివాడూ తన ఊరి ఒడ్డు నుంచి ఒక గులకరాయి తెచ్చి పడవ అడుగున పెడతాడు. పడవ తన ఒడ్డును మరిచిపోకుండా తిరిగి రావడానికి. చెక్క పడవలో, తడి వలల కింద, ఆ రాయి నోరెత్తదు. మన కార్మికులలో అత్యధికులు, ఆ మాటకొస్తే హిల్వా గారు కూడా, ఆ జాలరుల సంతానమే. తొలి నౌక పూర్తవుతుందని ఎవరికీ నమ్మకం లేకపోవడం చేత దానిలో ఎవరూ రాళ్ళు పెట్టలేదు. అది సముద్రం చూసి క్షేమంగా తిరిగివచ్చిన తరువాత, రెండవ నౌకను తమదిగా భావించి, గొట్టాల కింద, నేలపలకల కింద, ఎవరి చోటు వారు చూసుకుని, పైవారికి తెలియకుండా పెట్టారు. నౌక మీది ప్రేమే దానికి ముప్పు తెచ్చింది.

“నేను పెట్టలేదక్కా,” అన్నాడు చివరికి దాస్మొ అనే వెల్డరు. “మా బావమరిది పెట్టాడేమో.”

“నీ మొహం! నువ్వు పెడితేనే కదరా నేను పెట్టింది!” అన్నాడు పక్కనున్న బావమరిది.

ఈ వార్త క్షణాల మీద భద్రతాధికారి చెవిన పడింది. ఆయన దృష్టిలో ఇది ఆచారం కాదు, విద్రోహం, పేర్లు కావాలన్నాడు. పేరు ఇచ్చినవాడు జైలుకు పోతాడు గనుక రాయి ఎక్కడుందో ఎవడూ చెప్పడు, ఎవడూ చెప్పకపోతే నౌకను పక్కటెముకల దాకా విప్పవలసి వస్తుంది, విప్పే వ్యవధి లేదు. మర్నాడు ఉదయం కార్మికులందరినీ నౌకలోకి పిలిపించారు. భద్రతాధికారి ఒక మూల నిలుచున్నాడు. ఎవరూ కదలలేదు.

అప్పుడు హిల్వా గారు క్షిపణుల గదిలో మోకాళ్ళ మీద కూర్చుని, ఒక నేలపలక ఎత్తి, మోచేతి దాకా చెయ్యి పెట్టి, ఉన్ని గుడ్డలో చుట్టిన ఒక రాయిని బయటికి తీశారు. భద్రతాధికారి వైపు తిరిగి, “తోర్నెల్. హిల్వా. రాసుకోండి,” అన్నారు. ఆ పైన కార్మికుల వైపు చూసి, “నాది గుడ్డలో చుట్టి పెట్టాను. ఆ పాటి బుద్ధి మీకెవరికీ లేకపోయింది. ఊఁ, తీయండి!” అన్నారు.

ముందు ఎవరో నవ్వారు. తరువాత అందరూ వంగారు. సాయంత్రానికి రెండు బాల్చీలు నిండాయి. విభాగాధిపతి పేరు మొదట రాసుకోవలసి రావడం చేత భద్రతాధికారి అసలు ఏమీ రాసుకోకుండానే వెళ్ళిపోయాడు. ఆ రాళ్ళను ఏం చేయాలన్న ప్రశ్నకు, వాటిని పారేస్తే ఈ మనుషులు ఈ నౌకను నమ్మరని, నమ్మని నౌకకు మరలు సరిగ్గా బిగించరని హిల్వా గారు వాదించి, ఉన్నిలో దట్టంగా కూరి, ఒక ఉక్కుపెట్టెలో పెట్టి, నౌక అడుగున వెల్డింగు చేయించారు. నేటికీ మన డ్రాయింగుల్లో ఆ పెట్టె పేరు ‘అదనపు బరువు సర్దుబాటు’. ఆ వారమే అఖాతంలో మళ్ళీ పరీక్ష జరిగింది. ఆమె ‘వినపడదు’ అన్నారు. నౌక ‘ఇస్మెల్’ అయింది. నా ఉద్యోగమూ నిలబడింది. ఈ విషయంలో వారికి నేను ఇంతవరకు కృతజ్ఞతలు చెప్పలేదు. చెబితే మళ్ళీ పంపుల ప్రసక్తి వస్తుందని.

మూడవ నౌక ‘ఓర్నా’ విషయంలో రాయదగిన విశేషమేదీ జరగలేదు. మా వృత్తిలో అంతకు మించిన ప్రశంస లేదు. ఈ మధ్యకాలంలో హిల్వా గారు విభాగాధిపతిగా ఉంటూనే ప్రధాన ఇంజనీరు హోదాకు ఎదిగారు, ఒక తరం యువ ఇంజనీర్లకు వినడం నేర్పారు. ‘విన్నామనుకోవడం వేరు, వినడం వేరు’ అని వారిని మందలించే ఆమె గొంతు రెండు గదుల అవతలికి తెలిసేది. వారిలో అగ్రగణ్యురాలు కుమారి నెల్సి వార్దక్.

గత శరత్కాలంలో తరగతిలోని చివరి నౌక పరీక్షకు వచ్చింది. నాలుగు నౌకలకూ ఒకే నోట ఆ మాట రావడం చరిత్ర అవుతుందని అందరూ అనుకున్నారు. హిల్వా గారు కూడా అలాగే కోరుకున్నారని నాకు తెలుసు. కొత్త కోటు కుట్టించుకున్నారు. పరీక్షా పడవ మీద ఆ నౌకకు కాబోయే కెప్టెన్ గారు, నెల్సి, నేను, మరికొందరం ఉన్నాము. నౌక మా కింది నుంచి వెళ్ళింది, తిరిగి వచ్చింది. హిల్వా గారు చెవులకు పెట్టుకున్న ఫోన్లను చేతులతో అదిమి పట్టుకుని చాలాసేపు కూర్చున్నారు. ఆ పైన వాటిని తీసి, మెల్లగా అన్నారు:

“నాకేమీ వినపడటం లేదు.”

పడవ దద్దరిల్లిపోయింది. కెప్టెన్ గారు టోపీ ఎగరేశారు. నావికులు ఒకరినొకరు కౌగలించుకున్నారు. నేను కూడా ఎవరినో కౌగలించుకున్నాను. హిల్వా గారు చెయ్యెత్తారు, ఎవరూ చూడలేదు; బల్ల మీద చరిచారు.

“ఆగండయ్యా! నౌక సంగతి కాదు నేను చెప్పేది. నా చెవుల సంగతి.”

అందరం నిలువునా నీరుకారిపోయాము.

“సముద్రమే వినపడటం లేదు నాకు. అలలు కూడా. ఈ ఏడాదిగా తగ్గుతోందని అనుమానం, ఇవాళ తేలిపోయింది. నెల్సీ, రామ్మా, కూర్చో.”

“మేడం, మీరింకోసారి…” అంది నెల్సి, కళ్ళనీళ్ళతో.

“ఏడుపు తరువాత. ముక్కు ఎగబీలుస్తుంటే ఏం వినపడుతుంది? కూర్చో.”

ఆ క్షణంలో హిల్వా గారు ఊరుకుని ఉంటే ఎవరికీ తెలిసేది కాదు. ఆ మాట చెప్పేసి, నాలుగు నౌకల ఖ్యాతితో, హారాలతో పదవీ విరమణ చేసేవారు. నౌకను మళ్ళీ తిప్పారు. నెల్సి విన్నది. గురువుగారి వైపు చూసి, అడ్డంగా తల ఊపి, కెప్టెన్ గారితో చెప్పింది: “వినపడుతోంది.”

గాలి పంకా ఒకటి పునాది నుంచి వదులై ఉన్నది. బాగుచేయడానికి పట్టిన కాలం స్వల్పమే. ఇప్పుడు ‘తల్మెక్’ అని పిలవబడుతున్న ఆ నౌక, కెప్టెన్ గారితో సహా నూటపాతిక మందితో, ఈ వ్యాసం రాస్తున్న సమయానికి సముద్రంలో ఎక్కడో ఉన్నది. ఎక్కడున్నదో మాకెవరికీ తెలియదు, శత్రువుకూ తెలియదు. ‘వినపడదు’ అన్న ఆ మాట కుమారి నెల్సి చెప్పినదే అయినా, దానికి పూచీ ఎవరిదో ఆ నూటపాతిక కుటుంబాలకూ తెలుసు.

మరొక ఏడాది సలహాదారుగా కొనసాగవచ్చునన్న యాజమాన్యపు ప్రతిపాదనను, వినలేనివారు వినడం గురించి ఏం సలహా ఇస్తారంటూ హిల్వా గారు మర్యాదగా తిరస్కరించారు. ఈ నెలాఖరున వారు విరమణ చేస్తున్నారు. ఊరి బ్యాండు మేళంలో కొమ్ముబూర వాయించే వారి భర్త శ్రీ ఒస్మర్ గారు, ఇన్నేళ్ళుగా కట్టెల కొట్టంలో చేసుకుంటున్న సాధనను ఇక ఇంట్లోనే చేసుకునే స్వేచ్ఛ లభించినందుకు సంతోషించాలో విచారించాలో తెలియడం లేదని నాతో అన్నారు.

హిల్వా గారి సమక్షంలో గొంతు తగ్గించి మాట్లాడటం మా అందరికీ ఉద్యోగధర్మంలా అలవాటైపోయింది. ఆ ధర్మం ఈ నెలాఖరుతో ముగుస్తుంది. వారు నిండు ఆరోగ్యంతో, భర్తతో, బంధుమిత్రులతో, నిండు నూరేళ్ళూ మా మధ్య వర్ధిల్లాలని మనసారా ఆకాంక్షిస్తున్నాము. మా పలకరింపు ఒక్కసారికి అందకపోతే రెండుసార్లు, అప్పటికీ అందకపోతే రేవంతా ఉలిక్కిపడేటట్లు అరిచైనా సరే వారికి వినిపిస్తాము.