నవ్విన ఫొటో

ఎనుమాముల మిర్చి యార్డులో తాను తీసిన ఫొటోలను ఫోన్‌లో తెరిచి, చనిపోయిన హమాలీ భార్య చేతికిచ్చాడు ఫొటోగ్రాఫర్.

“అన్నిట్ల మొకానికి తువ్వాలే ఉన్నది తమ్మీ.”

“మిర్చి ఘాటుకు అందరు గట్లనే కట్టుకుంటరక్కా.”

“ఎల్లుండి దినాలు. పటం కట్టియ్యాలె. ఆధార్ కార్డు మీదున్నది ఆయన లెక్కనే లేదు.”

“నా దగ్గర గివే ఉన్నయక్కా.”

“నువ్వు ఫొటో తీసిననాడు ఇంటికొచ్చి మురిసిండు. మంచిగ నవ్విన అన్నడు.”

“నవ్విండు. తువ్వాల తీస్తనని గూడ అన్నడు.”

“మరి?”

అబద్ధమాడదామనుకున్నాడు కానీ నోరు రాలేదు.

“కండ్లొక్కటే కనపడితే మస్తుంటదని నేనే వద్దన్న.”

ఆమె తెర మీది తువ్వాలను వేలితో మెల్లగా పక్కకు లాగింది. ఇంకో ఫొటో వచ్చింది. అందులోనూ తువ్వాలే.