అమ్మాయి ఏమంటోంది?

(మేడ మీద చిన్న గది. ఆసుపత్రిలో కాన్పులకి తోడు వెళ్ళే ఆవిడ, ఒక తల్లి, ఎనిమిదో నెల నిండిన కూతురు. కూతురికి వినపడదు, మాట రాదు. చేతుల్తో మాట్లాడుతుంది.)

"అదేంటక్కా, అంతసేపు చేతులు తిప్పింది, మీరు రెండే ముక్కలు చెప్పారు?"

"దాని మాట అంతేనండీ. గోరంత ఉంటే కొండంత చేస్తుంది."

"సరే, మళ్ళీ అడుగుతాను. ఆ కాన్పుల వార్డులోకి ఒక్కరికే పాసిస్తారు. అదీ ఆడమనిషికే. నేను లోపలికెళ్తే మీరు బయట బెంచీ మీద కూర్చోవాలి. మీరెళ్తే నేనుండను. ఇద్దర్లో ఎవరు కావాలో అమ్మాయినే చెప్పమనండి."

"చెప్పింది కదా. అమ్మే కావాలంటోంది."

"మరి నా దగ్గరికెందుకొచ్చినట్టు?"

"నేనూ అదే మొత్తుకుంటున్నా. ఇది పుస్తకాలు కుట్టే చోట పని చేస్తుంది లెండి, బైండింగు. అక్కడో పిల్ల ఫోన్లో మీ ఫోటో చూపించిందట. అప్పట్నించీ ఒకటే పోరు. బడిలో అంట్లు తోముకునేదాన్ని, ఒక పూట సెలవడిగి తీసుకొచ్చా. మీరు చేసే పనికి ఏదో పేరుందట, నాకు నోరు తిరగలేదు."

"డౌలా అంటారు. తోడుమనిషి అనుకోండి."

"తోడుకి బయట మనిషిని పెట్టుకోవడమేంటమ్మా, నేను చచ్చానా?"

"అయ్యో, అలా అనకండి. నేను మంత్రసానినీ కాదు, నర్సునీ కాదు. పక్కన నిలబడి నడుం రాస్తాను, నీళ్ళు తాగిస్తాను, ఎలా పడుకుంటే నొప్పి తేలికో చెప్తాను. డాక్టరు చెప్పింది అర్థమయ్యేలా..."

"ఆగవే! చెప్తున్నాగా. చూడండి, ఎలా గిల్లుతోందో."

"ఏమంటోంది?"

"గది బాగుందంటోంది. ఫ్యాను చల్లగా ఉందట."

"కరెంటు లేదక్కా. ఫ్యాను తిరగట్లేదు."

"అదే, కిటికీ గాలి. కిటికీ గాలి బాగుందని."

"మీరు కాస్త మంచినీళ్ళు తాగండి."

"నాకెందుకు, అలా చూస్తారేంటి? ఇంత పెద్ద బంతేంటండీ, ఇక్కడికి పిల్లలొస్తారా ఆడుకోడానికి?"

"నెలలు నిండినవాళ్ళు కూర్చుంటారు దానిమీద. నడుం నొప్పి తగ్గుతుంది. అమ్మాయి కూర్చుంటుందేమో అడగండి."

"వద్దు వద్దు! జారి పడితే? దిగు, దిగవే! నవ్వుతుందేంటి ఇది!"

"నేను పట్టుకున్నాగా. బాగా కూర్చుంది. ఇంత హాయిగా కూర్చున్నవాళ్ళని నేను చూళ్ళేదు. అక్కా, మీకు ఏం భయమో ముందు అది చెప్పండి."

"ఏదని చెప్పను? ఆ ఆసుపత్రికి నేను మూడుసార్లు వెళ్ళొచ్చా, దీనికి చెప్పకుండా. లిఫ్టు ఒకటే. నేనున్నప్పుడే మధ్యలో ఆగింది, లోపల ఎవరో బాదుతున్నారు. వెనక గేటు తొమ్మిదింటికి తాళమేస్తారు. వార్డు బయట ఒకే ఒక్క బల్బు. ఆ వాచ్‌మన్‌ని అడిగా, పుట్టిన బిడ్డలకి చేతికి చీటీ కడతారా, కట్టకపోతే మారిపోరూ అని. అమ్మా, నువ్వు రావడం ఇది మూడోసారి, నీకే చీటీ కట్టాలి అన్నాడు."

"భలేవాడే."

"మీరు నవ్వుతారు. నాకు ఆ రాత్రి నిద్ర లేదు."

"మీరు చెప్పిన గేటు మాట పనికొచ్చేదే. రాసుకుంటున్నా. పక్క గేటు రాత్రీ పగలూ తీసే ఉంటుంది, మందుల షాపు పక్కన. నొప్పులు ఐదు నిమిషాలకోసారి వస్తుంటే బయల్దేరండి, అంతకుముందే వచ్చి వరండాలో కూర్చోవద్దు. రక్తం కనపడినా, ఉమ్మనీరు పోయినా, బిడ్డ కదలట్లేదనిపించినా మాత్రం ఆగొద్దు, వెంటనే రండి. ఇది అమ్మాయికి చెప్పండి."

"చెప్తా... చెప్పా."

"అన్నీ చెప్పారా?"

"ఆ, అన్నీ."

"ఇదిగో, నా చెయ్యి పట్టుకుంది. ఏంటమ్మా? ఇక్కడ, మణికట్టు మీద గుచ్చినట్టు చూపిస్తోంది. ఏమంటోందక్కా?"

"సూదులంటే భయమట."

"భయపడుతున్నట్టు లేదే. కుడిచెయ్యి వద్దంటోంది, ఎడమ చెయ్యి చూపిస్తోంది. కుడిచెయ్యి... ఆఁ! సెలైనా? సెలైన్ సూది కుడిచేతికి పెడితే మాట్లాడలేదు! అంతేనా తల్లీ? చూడండి, ఎలా తలూపుతోందో! ఇన్నేళ్ళుగా చేస్తున్నా, నాకు ఎప్పుడూ తట్టలేదు. రాస్తున్నా, సూది ఎడమచేతికే."

"తెలివిగలదే. మా ఇంట్లో దానిదే తెలివి."

"మీరు భయం అన్నారు."

"భయం నాకేలెండి."

"ఈ సైగలు ఎక్కడ నేర్చుకుంది? నేనూ కొన్ని నేర్చుకోవచ్చా?"

"ఇవి బళ్ళో నేర్పేవి కావండీ. రెండేళ్ళప్పుడు జ్వరమొచ్చి చెవులు పోయాయి. అప్పట్నించీ మేమిద్దరం ఇంట్లో కట్టుకున్నవి. గిన్నెకొకటి, నీళ్ళకొకటి, పక్కింటావిడకొకటి. పక్కింటావిడది చూపిస్తే మీరు పడీపడీ నవ్వుతారు. బళ్ళో వేస్తే దీనికి చెప్పేవాళ్ళెవరూ లేరు, ఐదుతో మానేసింది. పేరు రాస్తుంది, అంతే. రోజూ వందల పుస్తకాలు కుడుతుంది, ఒక్కటీ చదవలేదు. దీని నోరు నేనే. నోరు లేకుండా దాన్ని లోపలికి పంపమంటారా? చెప్పండి, మీరైనా పంపుతారా?"

"మాట సబబే. అల్లుడికి వచ్చా ఈ సైగలు?"

"వచ్చు. నాకంటే వేగం. ఇద్దరూ మొదలెట్టారంటే నాకే అందదు."

"అయితే ఈసారి అతన్ని కూడా తీసుకురండి. ఒక పూట కూర్చుంటే ఓ పాతిక సైగలు నేర్పుతాడు నాకు. నొప్పి, నీళ్ళు, ఇటు తిప్పు, డాక్టర్ని పిలువు..."

"అతనెందుకండీ, నేనుండగా? వ్యాను తోలుకునే మనిషి, తీరికెక్కడిది."

"సరే, అది తర్వాత చూద్దాం. ఇప్పుడు కాస్త జాగ్రత్తగా చెప్పండి అమ్మాయికి. బిడ్డ అడ్డం తిరిగినా, గుండె వేగం పడిపోతున్నా, డాక్టరు ఆపరేషన్ అంటుంది. అప్పుడు అంతా హడావిడిగా ఉంటుంది, ఎవరూ ఆగి చెప్పరు. అందుకే ముందే తెలిసి ఉండాలి."

"ఊఁ. చెప్తున్నా."

"..."

"చెప్పా."

"నవ్వుతోందే?"

"నవ్వు మొహమే దానిది."

"అక్కా, కడుపు కోస్తారంటే ఎవరూ నవ్వరు. ఏం చెప్పారు?"

"డాక్టరు మంచిదని చెప్పా."

"అంతేనా?"

"... వార్డులో పాలు ఇస్తారని చెప్పా."

"అయ్యో, అక్కా!"

"అలా అనకండమ్మా. మీకు తెలీదు. నోటితో చెడ్డమాట చెప్పాలంటే అటు తిరిగి చెప్పొచ్చు. గిన్నెలు తోముతూ చెప్పొచ్చు, తలుపు అవతల్నించి చెప్పొచ్చు. దీనికి అలా కుదరదు. ఎదురుగా కూర్చోవాలి. దాని కళ్ళలోకి చూడాలి. నా చేతుల్తో నేనే చూపించాలి, దాని మొహం పడిపోవడం నేనే చూడాలి. ఇరవై నాలుగేళ్ళు. పనిలో వాళ్ళు తిడితే మెచ్చుకున్నారని చెప్పా. వీధిలో ఎవరైనా మూగది అంటే నీ చీర బాగుందంటున్నారని చెప్పా. ఏం, తప్పా?"

"తప్పని నేననట్లేదు."

"ఊళ్ళో అందరికంటే దీనికే అందరూ మంచివాళ్ళు. అదొక్కటే నేనివ్వగలిగింది."

"ఇది మొదటి కాన్పేనా?"

"ఆ."

"అమ్మాయి రెండు వేళ్ళు చూపిస్తోంది."

"... నీకెందుకే, ఆవిడ నన్నడిగింది!"

"మీ మాట వినలేదు అమ్మాయి. నా వేలు ఒకటి చూసింది, రెండు చూపించింది. నాకు తెలియాలక్కా. డాక్టరుకీ తెలియాలి."

"డాక్టరుకి తెలుసు. కార్డులో ఉంది. పోయినేడు. ఆరో నెల."

"ఏమైంది?"

"స్కానింగు గదిలో. డాక్టరమ్మ తెర మీద చూసి చూసి, నాతో మెల్లిగా అంది, గుండె కొట్టుకోవట్లేదమ్మా, రెండు రోజుల్లో తీసుకురండి, మందిచ్చి కాన్పు చేయిస్తాం అని. ఇదేమో బల్ల మీద పడుకుని నా మొహమే చూస్తోంది. ఏమంది, ఏమంది అని చెయ్యి లాగుతోంది. అప్పుడు నేను... ఇలా..."

"చెంప కింద చెయ్యి పెట్టి చూపించారా?"

"నిద్రపోతోందని."

"మరి నిజం?"

"అల్లుడు లోడుతో దూరం వెళ్ళాడు. అతనొచ్చాక ఇద్దరం కలిసి చెబుదాం, ఒక్కదాన్నే చెప్పడం నావల్ల కాదనుకున్నా. రెండు రోజులు. ఆ రెండు రోజులూ ఇది నన్ను ఇంట్లో తలుపు గట్టిగా వెయ్యనివ్వలేదమ్మా. బిడ్డ లేస్తుందని. చప్పుడంటే ఎలా ఉంటుందో దానికి గుర్తుకూడా లేదు. అయినా వేలు పెదవి మీద పెట్టుకుని ఇల్లంతా తిరిగింది."

"ఎవరు చెప్పారు చివరికి?"

"అల్లుడే. చెప్పులు కూడా విప్పకుండా చెప్పేశాడు. దీన్ని పట్టుకుని ఏడ్చాడు. నేను గుమ్మంలో నిలబడ్డా. ఆ తర్వాత నెల రోజులు ఇది నాతో చెయ్యి కదపలేదు. అన్నం పెడితే తింది, తల దువ్వితే దువ్వించుకుంది. మాట మాత్రం లేదు."

"మీరు ఇందాక చెంప కింద చెయ్యి పెట్టారు. అమ్మాయి అది చూసింది. మీరేం చెప్తున్నారో తెలిసిపోయింది."

"తెలుసు. ఇటు చూడట్లేదు నేను."

"చూడండి."

"నావల్ల కాదు."

"మీకు చెప్తోంది అక్కా, నాకు కాదు. చూడండి. ఏదో అంటోంది."

"... దాహమట."

"గ్లాసు చేతిలోనే ఉంది తనకి. ఇదిగో, పక్కన పెట్టేసింది. రెండు చేతులూ కావాలి కాబోలు. మళ్ళీ అదే అంటోంది."

"ఏం లేదండీ. ఇంటికెళ్దామంటోంది. లేవే, పద, బస్సు..."

"లేవట్లేదు. అక్కా, నా మాట వినండి. మీ అమ్మాయి చేతులు నాకు చదవడం రాదు. ఇప్పుడు మీరేం చెప్తే అదే ఈ కాగితం మీద రాస్తాను. అమ్మే కావాలంటోందని చెప్తే, అమ్మ అనే రాస్తాను, పాసు మీ పేరనే ఇస్తారు. నేను అడ్డు చెప్పను. అబద్ధమని తెలుసుకోడానికి నాకు దారి లేదు."

"మీరు నన్ను దొంగని చేస్తున్నారు."

"లేదు. అడుగుతున్నాను. నొప్పులకి భయపడి వచ్చిందా నా దగ్గరికి? ఎందుకొచ్చింది? అసలు నేనెందుకు కావాలట?"

"మీకెవరన్నా ఇలా... మీకు పిల్లలున్నారా?"

"ఉన్నారు. అడగండక్కా."

"... ఎందుకే? ఈవిడెందుకు నీకు? చెప్పు. నిదానంగా చెప్పు, చూస్తున్నా."

"..."

"ఊఁ. ... ఊఁ. ... అయ్యో, తల్లీ."

"ఏమంటోంది?"

"అమ్మంటే నాకు ప్రాణం అంటోంది. ఇది నేను కల్పించింది కాదమ్మా. నిజంగానే అంది. ఒట్టు."

"నమ్ముతున్నా. ఇంకా?"

"అమ్మ బయట బెంచీ మీద ఉండాలి, ఇంటికి వెళ్ళిపోకూడదు అంటోంది. బిడ్డని నా తర్వాత మొదట అమ్మే ఎత్తుకోవాలంటోంది."

"రాస్తున్నా. లోపల?"

"లోపల..."

"అక్కా."

"రాయండి. లోపల మీరుండాలంటోంది."

"ఎందుకట?"

"'బిడ్డ పుట్టగానే ఏడ్చిందో లేదో నాకు వినపడదు' అంటోంది. 'నా ముందు నిలబడ్డ మనిషినే అడగాలి' అంటోంది."

"ఊఁ."

"... అంతేనండీ."

"అంతేనా? చెయ్యి ఇంకా దించలేదే. ఏమంటోంది?"

"'ఏడవకపోయినా, ఏడ్చిందనే చెప్తుంది మా అమ్మ' అంటోంది."